సంత రోజుల లెక్క

పుచుంగ్‌సారి, గునుంగ్‌కిదుల్ కొండలు
20 జనవరి 1994, గురువారం

పెద్దమ్మా,

నువ్వు కట్టిచ్చిన టెంపె వేపుడు బస్సులోనే అయిపోయింది. నీ దీవెనలు మాత్రం ఇంకా మిగిలాయి, వాటితోనే కాలక్షేపం చేస్తున్నాను.

ప్రభుత్వం వారిచ్చిన ఇల్లు బాగానే ఉంది. రెండు గదులు, ఒక బల్ల, ఒక బీపీ మిషను, పిల్లల్ని తూచే కాటా. గోడ మీద "నెలనెలా పరీక్ష చేయించుకోండి" అంటూ నవ్వుతున్న ఒక గర్భిణి బొమ్మ. మొదటి పది రోజులూ ఈ ఊళ్లో నా ముఖం చూసిన గర్భిణి ఆవిడొక్కతే.

ఇక్కడ నన్ను కినంతి అని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. సర్కారు మంత్రసానిని కాబట్టి అందరికీ "బిదానమ్మ"ని. నాకు సాయంగా వార్సి అక్క ఉంది. నలభై దాటిన మనిషి, ఊరి పెద్దకు వరసకు చెల్లెలు. నెలకోసారి వాళ్ల వసారాలో పరీక్షలు పెడితే రిజిస్టరు రాసేది ఆమే. ఏ ఇంట్లో ఏం వండారో, ఎవరు ఎవరితో అలిగారో ఆమెకు తెలియనిది లేదు. ఊళ్లో పదకొండు మంది కడుపుతో ఉన్నారని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. సోమవారం వసారాలోకి వచ్చింది ముగ్గురు.

"చివరిసారి నెలసరి ఏ తేదీన వచ్చిందమ్మా?" అని అడిగాను.

"ఏమోనమ్మా, నాట్లయ్యాక."

"ఏ నెల?"

"వానల నెల."

మూడో ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ కూర్చుంది, అంతే. తేదీ తెలిస్తే ప్రసవం ఎప్పుడో చెప్పడం కాలేజీలో మూడేళ్లు నేర్చుకున్నాను. వీళ్లు తేదీ చెప్పరు, ప్రసవం ఎప్పుడో మాత్రం నన్ను అడుగుతారు.

తుగియెం అని ఒకామె ఉంది. నా సైకిలు గంట వినబడితే చాలు, పశువుల పాకలో దూరుతుంది. ఒకసారి దారిలో దొరికింది. "ఇదేంటమ్మా?" అని పొట్ట చూపిస్తే "ఉబ్బరం బిదానమ్మా, కర్రపెండలం ఎక్కువ తిన్నాను" అంది. ఐదు నెలల ఉబ్బరం!

నిన్న బుధవారం పోన్ సంత. వెళ్లి చూద్దామనుకున్నాను గానీ, పొద్దున్నే నెలసరి మొదలై నడుం విరిగిపోయింది. వేడినీళ్ల సీసా పొట్టకు ఆనించుకుని పడుకున్నాను. వచ్చే వారం తోపో ఓడ దిగుతున్నాడు. పది రోజులుంటాడట. మొగుడు వస్తున్నాడని చెబితే ఊరి ఆడవాళ్లంతా నాకంటే ఎక్కువ సంతోషించారు.

నీ కినంతి

—

క్లాతెన్
3 ఫిబ్రవరి

ఒసే కినంతీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి కళ్లజోడు లేకుండా, ఒకసారి కళ్లజోడుతో, ఇంకోసారి పక్కింటి వాళ్లకు వినిపిస్తూ. యాభై రెండో ఏట రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నది ఇందుకే మరి. నా అక్షరాలు వంకరగా ఉన్నాయని పోయినసారి నవ్వావు. నలభై ఏళ్లు బొడ్లు కోసిన చేతులివి, గుండ్రంగా రాయడం వీటికి రాదు.

కాలేజీలో నీకు చెప్పనిది ఒకటి చెబుతాను. తాతకు దగ్గులు నేర్పకుండా విను. తేదీ ఎవరికి కావాలి? జీతం తీసుకునేవాళ్లకు కావాలి. పొలం చేసుకునేవాళ్లకు కావలసింది సంత. లెగి, పహింగ్, పోన్, వగే, క్లివోన్. ఐదు రోజుల్లో ఏదో ఒక రోజు వాళ్ల ఊరి సంత. మిగిలిన నాలుగు రోజులూ పక్క ఊళ్లవి. దాన్ని ఏ ఆడదీ మరిచిపోదు. "నెలసరి ఏ సంత రోజు వచ్చింది?" అని అడిగి చూడు. బుధవారమా, గురువారమా అన్నది కూడా కలిపి చెబుతుంది. ఆ వారం, ఆ సంత మళ్లీ జతగా రావడానికి ముప్పై ఐదు రోజులు. అదొక సెలపన్. అలాంటివి ఎనిమిది లెక్కపెట్టు, బిడ్డ నీ చేతిలో ఉంటుంది. మీ పుస్తకంలో ఎన్ని రోజులన్నారో ఒకసారి తీసి చూడు.

వాళ్లకు లెక్క రాక కాదే, నీకు అడగడం రాక.

తోపోకు నా మాటగా చెప్పు, ఓడలో చేపలు తిని తిని ముఖం చేపలా అయిందని.

మీ పెద్దమ్మ కర్సినా

—

పుచుంగ్‌సారి
27 ఫిబ్రవరి, ఆదివారం

పెద్దమ్మా,

రెండు వందల ఎనభై. ఎనిమిది ముప్పై ఐదులు రెండు వందల ఎనభై! మా పుస్తకంలోనూ అంతే. నమ్మకం కుదరక కాగితం మీద నాలుగుసార్లు గుణించాను. మూడేళ్లు ఫీజు కట్టి చదివింది నీ వేళ్ల మీద ఉచితంగా ఉంది కదా అని కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

ఈ నెల తొమ్మిది మంది వచ్చారు. నీ మాట ప్రకారమే అడిగాను. "సోమవారం వగే అమ్మా, మా అత్త నల్ల కోడిపెట్టను అమ్మేసిన రోజు, ఎట్లా మర్చిపోతాను?" అంటుంది ఒకామె. "కాదే, ఆ రోజు నాతో పాటు మిరప నారు కొన్నావు, అది పహింగ్" అంటుంది పక్కావిడ. వసారా అంతా కోర్టు అయిపోయింది. వార్సి అక్క రాయలేక పెన్ను కింద పెట్టేసి నవ్వింది. ఆ వాదన విందామనే ఇద్దరు వచ్చారు. వాళ్లకూ బీపీ చూసేశాను.

రక్తం మాత్రల కథ వేరు. పోయిన నెల ఇచ్చినవి ఎవరైనా మింగారా అని వార్సి అక్కను కనుక్కోమన్నాను. "మన ఊరి కోళ్ల జుట్టులు ఈమధ్య ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, చూడలేదా బిదానమ్మా?" అంది. మాత్రలు మింగితే బిడ్డ మరీ పెద్దదై పురుడు కష్టమవుతుందట. కోడికి ఆ ఇబ్బంది లేదు.

తోపో ఆరో తేదీన వెళ్లిపోయాడు. మార్చి మధ్యలో ఒక వారం వస్తాడట. నేను బాగానే ఉన్నాను. ఈ కొండ నీళ్లే పడలేదనుకుంటాను. నిన్న వార్సి అక్క రొయ్యల ముద్ద వేయిస్తుంటే ఆ వాసనకు పెరట్లోకి పరిగెత్తాను. కాఫీ కూడా మానేశాను, గిన్నె చూస్తేనే కడుపులో తిప్పుతోంది.

కినంతి

—

క్లాతెన్
9 మార్చి

కినంతీ,

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమని చెప్పాడట ఎవడో. ఆ కొండ నీళ్లు ఊరంతా తాగుతున్నారు కదే, పెరట్లోకి నువ్వొక్కదానివే ఎందుకు పరిగెత్తావు? సరే, నాకెందుకులే. చెప్పాలనిపిస్తే చెప్పు. నోరు పెద్దదే గానీ అవసరమైతే మూసుకోవడం కూడా వచ్చు నాకు.

మాత్రల సంగతి. పెద్ద బిడ్డ పుడుతుందన్న భయం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? మాలాంటి వాళ్ల దగ్గర నుంచే. ముప్పై ఏళ్లు నేనూ అదే చెప్పాను. "తక్కువ తిను, బిడ్డ చిన్నగా ఉంటే సులువుగా జారుతుంది" అని. బిడ్డలు సులువుగానే జారారు. ఆ తర్వాత తల్లులు పాలిపోయి నెలల తరబడి చాపమీంచి లేవలేదు. నాది తప్పే. ఇప్పుడు ఒప్పుకుంటే ఎవరేం చేస్తారులే అని ఒప్పుకుంటున్నాను.

పడుకోబోయే ముందు అరటిపండు ముక్కలో పెట్టి మింగమను. పొద్దున్న దొడ్డికి నల్లగా అవుతుందని ముందే చెప్పు. చెప్పకపోతే విషం పెట్టావంటారు. జంట అరటిపండు మాత్రం ఇవ్వకు, కవలలు పుడతారని ఇంకో గొడవ.

ఉప్పులో ఊరవేసిన పుల్ల మామిడి ముక్కలు ఒక సీసాడు పంపుతున్నాను. ఊరికే పంపుతున్నాను.

కర్సినా

—

పుచుంగ్‌సారి
19 జూన్, ఆదివారం

పెద్దమ్మా,

ఇన్నాళ్లు రాయనందుకు తిట్టుకో. మామిడి ముక్కలు బాగున్నాయి. వార్సి అక్కకు కూడా పెట్టాను.

తుగియెం కథ చెప్పాలి. నేను వస్తే పాకలో దాక్కుంటుంది కదా. ఒక రోజు సైకిలు వాళ్ల మలుపు దగ్గరే దాచి, నడిచి వెళ్లి ముందే పాకలో కూర్చున్నాను. వార్సి అక్కను వీధిలోంచి గంట కొట్టమన్నాను. తుగియెం పరిగెత్తుకుంటూ వచ్చి నా ఒళ్లో పడింది. ఆవు, నేను, ఆమె ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఇక్కడే చూసేయండమ్మా, ఇంక నాకు సిగ్గేం మిగిలింది!" అంది. ఆవు పక్కనే బీపీ చూశాను. ఆ తర్వాత మాత్రలన్నీ మింగింది. మేలో మగపిల్లాడు, మూడున్నర కిలోలు. సులువుగానే పుట్టాడు. ఇప్పుడు వాణ్ణి చంకనేసుకుని "బిదానమ్మ మాత్రల పిల్లాడు, ఎంత ఉన్నాడో చూడండి" అని ఊరంతా తిప్పుతోంది. వాడి బుగ్గలు చూసి భయపడి మిగతావాళ్లు మాత్రలు మళ్లీ కోళ్లకు వేస్తున్నారు. ఇంక నేనేం చెయ్యను?

నన్ను అన్నిటికంటే మండించేది ఈ దాచుకోవడం. మూడు నెలలు దాటేదాకా నోరు విప్పరు. కొందరు ఏడో నెల పూజాస్నానం దాకా ఆగుతారు. ముందే చెబితే దిష్టి అట, నిలవదట. ఈ నెల వసారాలో బల్ల గుద్ది అడిగాను: "దాచినందువల్ల బాగుపడిన బిడ్డను ఒక్కర్ని చూపించండి!" అందరూ నా వైపు చూసి తలలు దించుకున్నారు. వార్సి అక్కకు దగ్గు వచ్చింది.

నా సంగతా? నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఈ ఊరి చిలగడదుంపలకు కాస్త లావెక్కాను, అంతే. యూనిఫాం కుట్లు విప్పించాను.

కినంతి

—

క్లాతెన్
2 జూలై

కినంతీ,

గుండ్రాయి లావెక్కడం నేనెప్పుడూ వినలేదు. నా వయసులో కొత్త సంగతులు తెలియడం మంచిదే.

నేనేమీ అడగడం లేదు. లావెక్కానన్నావు కాబట్టి వదులుగా ఒక గౌను కుట్టి పంపుతున్నాను. ముందువైపు కుచ్చులు కాస్త ఎక్కువే పెట్టాను, గుడ్డ మిగిలింది.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఊరందరి చేతికీ పట్టీ కట్టి బీపీ చూస్తావు కదా, నీ చేతికి ఎవరు కడుతున్నారు?

కర్సినా

—

పుచుంగ్‌సారి
22 సెప్టెంబరు, గురువారం

పెద్దమ్మా,

నీకు ఎప్పుడో తెలుసని నాకు తెలుసు. అయినా నా చేత్తో రాయాలి. నాకు ఏడో నెల.

రెండేళ్ల కింద ఏం జరిగిందో నీకు గుర్తుంది. రెండో నెలలోనే ఊరంతా చాటాను. మా అత్తగారు బిడ్డను ఎత్తుకునే గుడ్డ కూడా కొనేశారు. మూడో నెల నిండకుండానే పోయింది. పోయినందుకు ఏడ్చింది కొన్నాళ్లే. తర్వాత చెప్పుకోవడమే నరకమైంది. కూరల దగ్గర ఒకరు, బస్సులో ఒకరు, కాలేజీ మెట్ల మీద ఒకరు. "ఎన్నో నెల కినంతీ?" అని నవ్వుతూ అడుగుతారు. ప్రతి ఒక్కరికీ "లేదు" అని చెప్పాలి. ఆర్నెల్లు చెప్పాను. ఈసారి ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ లేదని చెప్పనక్కర్లేదు కదా అనుకున్నాను. తోపోకు కూడా చెప్పలేదు, మొన్న జూలైలో వచ్చినప్పుడు చూసి తనే తెలుసుకున్నాడు.

గురివింద గింజ తన నలుపెరగదంటావు. అను. వసారాలో బల్ల గుద్దిన రోజు ఇంటికొచ్చి సిగ్గుతో అన్నం తినలేదు.

ఈసారి రోజులు కూడా లెక్కపెట్టుకోలేదు. లెక్కపెడితే ఆశ పెరుగుతుందని. ఫిబ్రవరి, మార్చి మధ్యలో ఒకరోజు కొంచెం కనిపించింది. తోపో మార్చిలో వచ్చాడు కదా, అక్కణ్ణించే అనుకుంటున్నాను. పొట్ట కూడా దానికి తగ్గట్టు చిన్నగానే ఉంది.

ఇంకొకటి. నా కార్డు నేనే రాసుకుంటున్నాను. ప్రతి నెలా బీపీ 110/70 అని రాశాను. ఒక్కసారి కూడా పట్టీ కట్టుకుని చూడలేదు. ఏదైనా తేడా ఉంటే తెలిసిపోతుందని భయం.

మిగతాదంతా మామూలే. ఈ వారం చెప్పులు పట్టడం లేదు, ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. సాయంత్రానికి తల పగిలిపోతుంది, కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నట్టుంటుంది. ఎండలో సైకిలు తొక్కుతున్నాను కదా.

నీ కినంతి

—

క్లాతెన్
26 సెప్టెంబరు, సోమవారం

కినంతీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. మధ్యాహ్నం బస్సు డ్రైవరు పోనిమన్ చేతికి ఇది ఇస్తున్నాను. నీ చేతిలో పెట్టందే ముందుకు కదలొద్దని ఒట్టు వేయించుకున్నాను. మోకాళ్లు సహకరిస్తే కాగితం బదులు నేనే వచ్చేదాన్ని.

తిట్టడానికి టైము లేదు. ముర్తినా, వగియెం అని ఇద్దరుండేవాళ్లు. ఇద్దరికీ ముందు చెప్పులు పట్టలేదు. ఇద్దరూ కళ్ల ముందు మిణుగురులన్నారు. నాకు అప్పుడు తెలియదు. గాలి సోకిందన్నాను, ఉల్లిపాయ నలిపి ముక్కు దగ్గర పెట్టాను. ఫిట్స్ వచ్చి ఇద్దరూ నా చేతుల్లోనే పోయారు. వగియెం బిడ్డ కూడా దక్కలేదు. నిన్ను ఆ కాలేజీకి పంపమని మీ నాన్నతో ఎనిమిది నెలలు మాట్లాడకుండా పోట్లాడింది నేనేనని నీకు తెలుసు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. ఇందుకే. నాకు తెలియనిది మన ఇంట్లో ఒక్కదానికైనా తెలియాలని. తెలిసి కూడా నువ్వు ఎండ అంటున్నావు!

ఈ కాగితం చదవడం అయ్యాక వార్సి చేత పట్టీ కట్టించుకో. తర్వాత ఆసుపత్రికి వెళ్లు.

ఇక లెక్క. నీ ఉత్తరాలన్నీ బియ్యం డబ్బా మీద పరిచాను. ఫిబ్రవరి 27న రొయ్యల ముద్ద వాసనకు పరిగెత్తానని రాశావు. మార్చిలో వచ్చిన మొగుడి వల్ల నీకు ఫిబ్రవరిలోనే వేవిళ్లు ఎట్లా వచ్చాయే? జనవరి ఉత్తరంలో రాశావు, బుధవారం పోన్ నాడు వేడినీళ్ల సీసా పెట్టుకుని పడుకున్నానని. అదీ నీ లెక్క. మధ్యలో కనిపించింది నెలసరి కాదు. అట్లాంటివి చాలా చూశాను. పోయిన బుధవారంతో ఏడు సెలపన్లు నిండాయి. ఎనిమిదోది అక్టోబరు 26న. నీకు ఏడో నెల కాదు, తొమ్మిదో నెల నడుస్తోంది. పొట్ట చిన్నగా ఉందంటే బిడ్డకు సరిగ్గా అందడం లేదని.

డాక్టరు తేదీ అడిగితే ఈ కాగితం చూపించు. వంకర అక్షరాలని సిగ్గుపడకు.

నాకు భయంగా ఉంది. నీకు కూడా ఉందని తెలుసు. భయపడుతూనే వెళ్లు.

కర్సినా

—

జిల్లా ఆసుపత్రి, రెండో వార్డు
7 అక్టోబరు, శుక్రవారం

పెద్దమ్మా,

ఆడపిల్ల. ఇద్దరం బాగున్నాం. మిగతాది నిదానంగా చదువు.

పోనిమన్ నిజంగానే బస్సు ఆపేశాడు. నేను సంతకం పెట్టి ఉత్తరం తీసుకునేదాకా ప్రయాణికులందరూ కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు. చదివి వార్సి అక్క దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను. తొమ్మిది నెలలుగా నా పక్కన కూర్చుని చూస్తోంది కదా, పట్టీ చక్కగా కట్టి గాలి కొట్టింది. గొట్టం నేనే చెవుల్లో పెట్టుకున్నాను. నూట డెబ్బై. మళ్లీ కొట్టమన్నాను. మళ్లీ నూట డెబ్బై.

"మిషను పాడైందేమో అక్కా" అన్నాను.

"ఇదే నంబరు తుగియెంకు వచ్చి ఉంటే ఏం చేసేవారు?"

"అరిచి గీపెట్టి బండెక్కించేదాన్ని."

"అయితే ఎక్కండి. అరవడం నేను చూసుకుంటాను."

కర్రపెండలం మోసే ట్రక్కు ఆపింది. అప్పటికే వీధిలో ఆడవాళ్లు చేరారు. ఒకరు దిండు, ఒకరు దుప్పటి తెచ్చారు. తుగియెం పిల్లాణ్ణి ఎవరికో ఇచ్చేసి ట్రక్కులోకి ఎక్కి నా తల ఒళ్లో పెట్టుకుంది. నేను ఇంకా దాచాలనే చూశాను. "కాస్త ఒంట్లో బాగోలేదు" అన్నాను. తుగియెం నవ్వేసింది. "మాకు మూడో నెల నుంచీ తెలుసు బిదానమ్మా. మీరు పిల్లిలా మీదకు దూకుతారని ఎవరూ అడగలేదు" అంది. ఇన్నాళ్లూ వాళ్లు నా గుమ్మంలో పెట్టి వెళ్లిన గుడ్లు, మునగాకు దేనికో అప్పుడు తెలిసింది.

డాక్టరు కుర్రవాడు, మంచివాడు. మొదటి ప్రశ్న, "తేదీ ఎప్పుడు?" అని. "తెలియదు" అన్నాను. "మీరు బిదాన్ కదా?" అన్నాడు. ఆ మాటకు భూమి చీలితే బాగుండుననిపించింది. పొట్ట కొలిచి ముప్పై ఒక్క వారాలన్నాడు. ఇంత తొందరగా పుడితే బిడ్డ బతకడం కష్టమని, మందులతో బీపీ పట్టి ఉంచి ఆగుదామన్నాడు. నీ కాగితం చూపించాను. చదివి మడిచి నా కార్డులో పెట్టాడు, అంతే. వారం ఆగాం. మంగళవారం బీపీ మందులకు లొంగలేదు. ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆగితే నేను పోతాను, తీస్తే బిడ్డ పోవచ్చు. డాక్టరు మంచం పక్కన నిలబడిపోయాడు. ఎటూ తేల్చుకోలేకపోయాడు.

అప్పుడు పక్క మంచం దగ్గరున్న ముసలాయన, ఎవరి తాతో, "ఆ పిల్ల పెద్దమ్మ ఏదో లెక్క పంపిందన్నారు కదయ్యా, గోడ మీద సంత రోజులు వేసిన క్యాలెండరుంది, చూసుకోరాదూ?" అన్నాడు. డాక్టరు నీ కాగితం తీసి క్యాలెండరు ముందు నిలబడ్డాడు. జనవరి బుధవారం పోన్ మీద వేలు పెట్టి ఒక్కొక్క సెలపన్ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. వార్డంతా అతనితో పాటు లెక్కపెట్టింది. తర్వాత జేబులోంచి ప్రసవం తేదీ లెక్కగట్టే అట్ట చక్రం తీసి తిప్పాడు. రెండూ ఒకటే. ఫిబ్రవరి వేవిళ్ల వాక్యం దగ్గర ఒకసారి పైకి నవ్వాడు. "ముప్పై ఏడు వారాలు. పుట్టొచ్చు" అని నొప్పుల సెలైను పెట్టించాడు.

బుధవారం మధ్యాహ్నం పుట్టింది. రెండు కిలోల వంద గ్రాములు. పీలగా ఉంది గానీ గోళ్లు వేలి కొసలు దాటాయి. నిండిన బిడ్డేనని వాటిని చూసి డాక్టరు ఒప్పుకున్నాడు. ఏడుపు మాత్రం నీ గొంతే.

నా మూలంగా దీని ప్రాణం పోయేది పెద్దమ్మా. కార్డులో 110/70 అని నా చేత్తో రాసిన గడులను డాక్టరు చూశాడు. ఎర్ర సిరాతో ఒక్కొక్కటీ కొట్టేశాడు. నేను చూస్తూ పడుకున్నాను.

కినంతి

—

పుచుంగ్‌సారి
15 డిసెంబరు, గురువారం

పెద్దమ్మా,

ముప్పై ఐదో రోజు వేడుకకు తోపో నిన్ను కారులో తీసుకొచ్చినప్పుడు ఊరంతా నిన్ను చూడ్డానికి వచ్చారు. నువ్వు వెళ్లాక నాకు మర్యాద తగ్గింది. "మీ పెద్దమ్మ అయితే ఇట్లా చెప్పేవారు కాదు" అంటున్నారు.

సోమవారం మళ్లీ వసారాలో కూర్చున్నాను. పద్నాలుగు మంది. పాపను వంతులవారీగా ఎత్తుకున్నారు, నా చేతికి రానేలేదు. పరీక్షలు మొదలుపెట్టే ముందు లేచి నిలబడి చెప్పాను. నేనూ దాచానని. భయపడి దాచానని. కార్డులో అబద్ధాలు రాశానని. దాని వల్ల పాప దాదాపు పోయిందని. మిమ్మల్ని తిట్టిన ప్రతి తిట్టూ నాకు పడాల్సిందని. మధ్యలోనే కూర్చుండిపోయాను. ఎవరూ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వే ఆవిడ కూడా నవ్వలేదు.

అందరినీ చూడ్డం అయింది. జనం వెళ్లిపోయారు. వార్సి అక్క రిజిస్టరు మూస్తుందనుకున్నాను, మూయలేదు. ఒక వరస రాసి పుస్తకాన్ని నా వైపు తిప్పింది. ఆమె పేరే. వయసు నలభై మూడు. చివరి నెలసరి వచ్చిన రోజు, వారంతో సంతతో సహా.

"నాలుగో నెల" అంది తల ఎత్తకుండా. "మా అమ్మాయికి ఏడో నెల. తల్లీ కూతురూ ఒకేసారి పొట్టలేసుకుని తిరుగుతున్నారని ఊరు నవ్వదా? ఊరందరి పేర్లూ రాసే చేత్తో నా పేరు రాసుకోలేకపోయాను. మా ఆయనకు కూడా చెప్పలేదమ్మా. మీతోనే మొదలు."

నలభై మూడు అంటే ఎన్ని జాగ్రత్తలు చూసుకోవాలో నాకు తెలుసు. నాలుగు నెలలు పోయాయి. నోటి దాకా వచ్చింది, ఇంత తెలిసిన మనిషివి, నా పక్కనే కూర్చుని, ఒక్కసారైనా... అని.

"తిడతారా?" అంది.

"లేదక్కా. భయంగా ఉందా?"

"చాలా."

"నాకూ అలాగే ఉండేది" అన్నాను. చెయ్యి బల్ల మీద పెట్టమన్నాను. పెట్టింది. చల్లగా ఉంది. పట్టీ కట్టాను.

నీ కినంతి